వాడవీథులలో వేగము, దండనము

నగరములందును పెద్ద పట్టణములందును కాలనీ సంఘములు సమావేశమైనపుడెల్ల, మంచినీటి మాటయు చెత్తబండి మాటయు వీథికుక్కల మాటయు ముగిసిన పిమ్మట, ఎవరో ఒక పెద్దమనిషి లేచి, మన వీథులలో బండ్లు తోలువారి వేగమునకు అంతు లేకుండ పోయినది, జరిమానా పదింతలు చేసినగాని వీరికి బుద్ధి రాదు, అని పలుకుటయు, కూర్చున్నవారందరును ఔనౌనని తల యూచుటయు పరిపాటి యైనది. ఆ తల యూచినవారిలో కొందరి బండ్లే, కాకున్న వారి కొడుకుల బండ్లే, ఆ వీథులలో అట్లు దూసికొని పోవుచున్నవన్న సంగతి మర్యాదకొఱకు ఎవ్వరును ఎత్తరు. ఈ కోరిక మనకు మాత్రమే కలిగినది కాదు. ఐరోపాలోను అమెరికాలోను గృహస్థులు దీనినే కోరుచున్నారు, కొన్ని దేశములు ఆ కోరిక తీర్చియు చూచినవి. తీర్చిన చోట ఏమైనది, మన చట్టము ఈ విషయమున ఎంతవఱకు నోరు విప్పినది, ఎచ్చట మౌనము వహించినది, అసలు దండనమును పెంచుట యను ఉపాయమునకు గల బలమెంత, అని విచారించుటయే ఇచ్చటి ప్రయత్నము.

మొట్టమొదట తేల్చవలసినది, వాడవీథిలోని అతివేగము రాజమార్గమునందలి అతివేగము వంటి నేరమేనా, లేక వేరొక జాతి నేరమా యనునది. రాజమార్గము ప్రయాణముకొఱకే పుట్టినది. అందు నిలుచువాడును, కూర్చుండువాడును, ఆడుకొనువాడును పరాయివారు. మన వాడవీథి అట్టిది కాదు. అది ఇంటి వాకిలికి కొనసాగింపు. తెల్లవారుజామున ముగ్గు పెట్టు ఇల్లాలు గేటు దాటి సగము వీథిలోనికి వచ్చియే వంగును. ధనుర్మాసమునందైతే ఆ ముగ్గు ఎదురింటి గోడదాక సాగును. కూరగాయల తోపుడుబండి అచ్చటనే నిలుచును, పిల్లలు మూడు ఇటుకలు పేర్చి అచ్చటనే క్రికెట్టు ఆడుదురు, వేసవి సాయంకాలములందు ముసలివారు కుర్చీలు తెచ్చుకొని అచ్చటనే గాలికి కూర్చుందురు, పెండ్లి వచ్చినను చావు వచ్చినను షామియానా లేచునదియు అచ్చటనే. కాలిబాట యను వస్తువు మన కాలనీలలో బహుస్థలములందు లేనేలేదు. ఉన్న చోట దానిమీద ఇంటిమెట్లో, జనరేటరో, పూలకుండీలో వెలసియుండును. కావున నడచువాడు వీథి నడుమనే నడచును, వానికి వేరొక దారి లేదు. అట్టి చోట గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి తోలుట యనగా పరుల వాకిటిలో బండి తోలుటయే.

గణితము కూడ ఈ భేదమునే స్థిరపఱచుచున్నది. గంటకు 30 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు సెకనుకు 8 మీటర్లకు కొంచెము మించి సాగును. తోలువాడు అపాయమును గుర్తించి బ్రేకుమీద కాలు మోపునంతలో ఒక సెకను గడచుననుకొందము. అటుపై పొడిదారిమీద బ్రేకు గట్టిగా పట్టినను మఱి 5 మీటర్లు పోయినగాని బండి నిలువదు. వెరసి 13 మీటర్లు. వేగము 50 అయినచో ఈ దూరము సుమారు 28 మీటర్లగును, 60 అయినచో 36 మీటర్లు దాటును. గేటు సందునుండి బంతి వెంట పరుగెత్తుకొని వచ్చు బాలుడు 15 మీటర్ల దూరమున కనబడెననుకొందము. మొదటి కారు వానికి రెండు మీటర్ల ఇవతల ఆగును. రెండవది అప్పుడే బ్రేకు పట్టుకొనుచు దాదాపు పూర్ణవేగముతో తగులును. మూడవదానిని తోలువాడు బ్రేకు నింకను ముట్టనైన ముట్టడు. కారు ముందుభాగము తగిలిన పాదచారికి, దాని వేగము 50 నుండి 65కు పెరిగినచో మరణభయము నాలుగున్నర రెట్లగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇంత అపాయమునకు బదులుగా తోలువానికి దక్కు లాభమేమి? అర కిలోమీటరు పొడవుగల కాలనీ దారిని 30 వేగమున దాటుటకు ఒక నిమిషము, 60 వేగమున దాటుటకు అర నిమిషము. ఆ మిగిలిన అర నిమిషము కాలనీ ముఖద్వారముకడ, పెద్దదారిలో చొరబడుటకై నిలిచి నిలిచి, ఖర్చయిపోవును.

వాహనము తోలువానికి దండనమెంత యను ప్రశ్న మోటారుకారుతో పుట్టినదని తలంచుట పొరపాటు. మనుస్మృతి అష్టమాధ్యాయమున రథప్రమాదములను గూర్చి ఒక చిన్న ప్రకరణమే కలదు. ఎద్దు ముక్కుత్రాడు తెగినను, కాడి విరిగినను, ఇరుసో చక్రమో భగ్నమైనను, పగ్గములు తెగినను తోలువానికి దండనము లేదని, ఇట్లు పది సందర్భములను లెక్కించి, ఆ పదింటిలో కడపటిదానిగా, తొలగుడు తొలగుడని బిగ్గరగా అఱచినవానికిని ఆ స్మృతి మినహాయింపు నిచ్చినది. వాడవీథిలో హారను మీద చేయి తీయక దూసుకొనిపోవు నేటి యువకుడు ఆ స్మృతిని చదువకయే దాని నాశ్రయించుచున్నాడు. కేక వేసితిని గనుక తప్పుకొనవలసిన బాధ్యత నీదే యని వాని భావము. ఈ భావమును మన సంస్కారములోనుండి తొలగించుట చలానాకంటె కష్టమని నా యభిప్రాయము. అయితే ఆ ప్రకరణమునందే మఱియొక సూక్ష్మము కూడ కలదు. సారథి నేర్పులేనివాడై ప్రమాదము కలిగినచో ఇన్నూరు పణముల దండము రథస్వామికి విధింపబడినది. సారథి నేర్పరియై యుండియు ప్రమాదము కలిగించినచో దండము సారథిదే. నేర్పులేనివాని చేతికి పగ్గములిచ్చినవాడే అపరాధి యను ఈ న్యాయము మన ఆధునిక చట్టమునకు రెండువేల యేండ్ల తరువాతగాని స్ఫురింపలేదు; దాని ప్రస్తావన ముందు వచ్చును.

బ్రిటిషువారు మోటారునకు భయపడుటతో ఆరంభించి, మోహపడి, మరల భయపడిరి. 1865 నాటి వారి చట్టము ప్రకారము యంత్రశకటము ఊరిలో గంటకు 2 మైళ్ళు, ఊరి వెలుపల 4 మైళ్ళు మాత్రమే పోవలయును. దాని ముందర ఒకడు ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలయును. 1896 జనవరిలో కెంట్ ప్రాంతమున 8 మైళ్ళ వేగమున పోయిన వాల్టర్ ఆర్నాల్డ్ అనునతనిని ఒక కానిస్టేబులు సైకిలెక్కి వెంటాడి పట్టుకొనగా, అతివేగమునకుగాను ఒక షిల్లింగు జరిమానా పడినది. ఆ సంవత్సరము చివరనే పరిమితి సడలింపబడినది. 1930లో కార్లకు వేగపరిమితియే ఎత్తివేయబడినది. పెద్దమనుషులు తమంతట తామే మితము పాటింతురని నాటి పార్లమెంటు నమ్మిక. 1934లో ఆ చిన్న దేశమున దారులమీద ఏడువేల మూడువందలకు మించి జనులు మరణించిరి. 1935 మార్చి 18 నుండి జనావాసప్రదేశములందు 30 మైళ్ళ పరిమితి మరల వచ్చినది. జనావాసమని దేని నందుము? 200 గజములకు మించని యెడముతో వీథిదీపములు నాటబడియున్న దారి యేదో అది, అని ఆ చట్టము తేల్చినది. తోలువాడు నాకు తెలియలేదని పలుకుటకు వీలులేని ఇట్టి నిర్వచనము, దీపస్తంభమే సాక్షిగా నిలుచు నిర్వచనము, మన శాసనకర్తల దృష్టికి రాకపోవుట విచారకరము.

ఇక మన చట్టమునకు వత్తము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 183వ సెక్షను అతివేగమునకు మొదటి తప్పునకు 400 రూపాయలు, మరల చేసినచో 1,000 రూపాయలు మించని జరిమానా విధించినది. ముప్పది సంవత్సరములు ఆ అంకె కదలలేదు. ధరలు పెరిగినకొలది దండనము తనంతట తానే కరగిపోయినది. 2019 సవరణచట్టము, ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి, చిన్న వాహనములకు 1,000 నుండి 2,000 వఱకు, మధ్యమ, భారీ వాహనములకు 2,000 నుండి 4,000 వఱకు జరిమానా నిర్ణయించి, ఏ వాహనము వారైనను మరల తప్పు చేసినచో లైసెన్సు స్వాధీనపఱచుకొనవలయుననియు విధించినది. పెంపు జరిగినది గదా, ఇంకేమి కావలయును, అనవచ్చును. కాని ఆ సెక్షనును తాపీగా చదివినవారికి ఒక విచిత్రము కనబడును. అందు వాహనము పెద్దదా చిన్నదా అను భేదము కలదు గాని, నేరము జరిగినచోటు జాతీయ రహదారియా, బడిప్రక్క సందా, అను భేదము లేదు. పరిమితికి 5 కిలోమీటర్లు మించినవాడును 50 కిలోమీటర్లు మించినవాడును ఆ సెక్షను దృష్టిలో సమానులే. రాష్ట్రప్రభుత్వములు జరిమానాలను పది రెట్లవఱకు హెచ్చించుకొనవచ్చునని 210-ఏ సెక్షను అనుమతించుచున్నది. కాని అందును వాహనముల తరగతిని బట్టి వేర్వేరు గుణకములు పెట్టవచ్చునని యున్నదే గాని, ప్రదేశమును బట్టి పెట్టవచ్చునని లేదు. అనగా కాలనీ పెద్దమనిషి కోరిన పదింతలు నేడు రాష్ట్రప్రభుత్వము ఇయ్యదలచినచో ఊరి వెలుపలి దారికిని పదింతలు చేసియే ఇయ్యవలయును. వాడవీథికి ప్రత్యేకదండనము అను భావమునకు మన చట్టమున పీట వేయబడలేదు.

పరిమితుల సంగతి మఱింత చిత్రమైనది. 2018 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన గరిష్ఠవేగముల ప్రకారము పురపాలక పరిధిలోని దారులందు కార్లు 70, ద్విచక్రవాహనములు 60 కిలోమీటర్లు పోవచ్చును. రాష్ట్రము ఇంతకంటె తక్కువ పరిమితిని ప్రకటింపనిచో ఇరువది అడుగుల సందునందును 70 చట్టసమ్మతమే. హైదరాబాదునందు కాలనీ దారులకు 30 కిలోమీటర్లని పరిమితి పెట్టబడినది. అది మంచి అంకె. కాని 112వ సెక్షను ప్రకారము ఇట్టి ప్రత్యేకపరిమితి ప్రకటనతో పాటు తగిన చోట్ల సూచికఫలకములు నాటించుట కూడ ప్రభుత్వవిధి. ఎన్ని కాలనీల ముఖద్వారములందు 30 అంకెగల ఎఱ్ఱవలయము కనబడుచున్నదో పాఠకులు తమ తమ పేటలలో చూచుకొనవచ్చును. ఆర్చీమీద కాలనీ పేరుండును, దాతల పేర్లుండును, శంకుస్థాపన చేసిన నాయకుని పేరు అందఱికంటె పెద్ద యక్షరములలో నుండును.

మఱి పట్టుకొనువాడెవడు? సాక్ష్యవిషయమున 183వ సెక్షను మూడవ ఉపవిభాగము గట్టి నిబంధన చేసినది. బండి మితిమీరి పోయినదని ఒక సాక్షి తన యభిప్రాయము చెప్పినంతమాత్రమున శిక్ష లేదు. ఆ యభిప్రాయమునకు యంత్రసాధనమో ఎలక్ట్రానిక్ సాధనమో ఆధారముగా నుండవలయును. ఇది న్యాయమైన రక్షణయే. కాని దాని ఫలితము, బాల్కనీలో కూర్చుండి ప్రతిదినము చూచు గృహస్థుని ఫిర్యాదు చట్టమున చెల్లదు. సాధనములా, అవి పెద్దదారులలో నున్నవి. 2021 ఆగస్టులో వచ్చిన 167-ఏ నియమము పదిలక్షలు మించిన జనాభా గల నగరములందు వేగము పట్టు కెమెరాలు మొదలైన సాధనములను పెట్టవలయునని చెప్పినది గాని, జాతీయ, రాష్ట్ర రహదారులును ముఖ్యమైన కూడళ్ళును దాని లక్ష్యము. లేజరు గన్ను పట్టుకొని పోలీసువారు ఫ్లైఓవరు దిగువన నిలుతురు. కాలనీలోనికి వచ్చి నిలుచుట అరుదు. కాబట్టి వాడవీథిలో వేగముగా పోవువాడు పట్టుబడు సంభావ్యత శూన్యమునకు మిక్కిలి సమీపము. శూన్యమును ఏ గుణకముతో హెచ్చించినను ఏమి వచ్చునో పిల్లవానికిని తెలియును.

ఇటాలియను పండితుడు బెకారియా 1764లో వ్రాసిన నేరశిక్షాగ్రంథమున, శిక్ష యొక్క కాఠిన్యముకంటె దాని నిశ్చయత్వమే నేరమును ఎక్కువగా అరికట్టునని ప్రతిపాదించెను. ఆ మాట అనేకులు ఉదాహరించి అరగదీసినది. అయినను వేగనేరముల విషయమున దీనికి ఆధునిక నిదర్శనములు కలవు. నార్వే దేశపు రూనె ఎల్విక్ పలుదేశములలో జరిమానాలు పెంచినపుడు ఏమైనదో వెదకి, ఆ పరిశోధనలనన్నిటిని కలిపి 2016లో ఒక సారము తీసెను. యాభై శాతములోపు పెంచినచో ఉల్లంఘనలలో మార్పు కనబడలేదు. యాభై నుండి నూఱు శాతము వఱకు పెంచినచో సుమారు పదునైదు శాతము తగ్గినవి. నూఱు శాతమునకు మించి పెంచినచో తగ్గుటకు మారుగా స్వల్పముగా పెరిగినవి. ఈ కడపటి ఫలితము చదువరిని ఆశ్చర్యపఱచును గాని, మన అనుభవము దీనికి వివరణ నిచ్చును. దండనము మితిమీరినపుడు దానిని విధించువాని చేయియే వెనుకాడును. పోలీసు చూచి చూడనట్లు పోనిచ్చును, లేక జరిమానాకు బదులు వేరొక ఏర్పాటు జరుగును. ఆ వేరొక ఏర్పాటును మన పాఠకులకు విస్తరించి చెప్పనక్కఱలేదు.

దీనికి ఎదురుగా న్యూయార్కు నగరమును చూడుడు. పాఠశాలాప్రాంతములందు వేగము పట్టు కెమెరాలకు 2013లో అనుమతి వచ్చినది. పరిమితికి పదిమైళ్ళు మించినచో వాహనయజమానికి 50 డాలర్ల చీటీ ఇంటికి వచ్చును. ఆ దేశపు లెక్కలో అది పెద్ద సొమ్ము కాదు, లైసెన్సు మీద మచ్చయు పడదు. అయినను కెమెరాలు పనిచేయు వేళలందు ఆ స్థలములలో అతివేగము డెబ్బది శాతమునకు మించి తగ్గినది. 2022 ఆగస్టు నుండి రేయింబవళ్ళు ఆ కెమెరాలు పనిచేయుచున్నవి. చిన్న దండనము, తప్పని దండనము. ఫ్రాన్సు కూడ 2003 చివర స్వయంచాలక కెమెరాలు నెలకొల్పి, పట్టుబడుట తథ్యమను భయమును దేశమంతట వ్యాపింపజేసినది. 2002లో ఏడువేలకు మించియున్న దారిమరణములు 2010 నాటికి నాలుగువేలకు లోబడినవి. ఆ తగ్గుదలకు వేఱు కారణములును కలవు. కాని కెమెరాల వాటా చిన్నది కాదని పరిశీలకుల మతము.

ఇచ్చట మన రెండు రాష్ట్రముల చరిత్రను తడవుట అవసరము. 2019 సవరణ వచ్చిన వెంటనే దేశమున అనేక రాష్ట్రములు వెనుకంజ వేసినవి. గుజరాతు ఆ సెప్టెంబరులోనే పలు జరిమానాలను తగ్గించినది, పశ్చిమ బెంగాలు అమలుపఱుపనన్నది. ఆంధ్రప్రదేశము 2020 అక్టోబరులో క్రొత్త రేట్లు ప్రకటించినది. తెలంగాణలో అతివేగపు చలానా 1,000 రూపాయలు, సేవారుసుము 35 కలిపి 1,035. సెల్‌ఫోనునకు ఈ అంకె వచ్చినదనగానే కారణము చదువకయే గ్రహించువారు హైదరాబాదులో లెక్కకు మిక్కిలి. అంతవఱకు బాగుగనే యున్నది. కాని 2022 మార్చిలో పేరుకొనిపోయిన చలానాలపై ప్రభుత్వము రాయితీ ప్రకటించి, ద్విచక్రవాహనదారులు నాలుగవ వంతు, కార్లవారు సగము చెల్లించిన చాలునన్నది. 2023 డిసెంబరులో మరల ప్రకటించి, ఈ పర్యాయము ద్విచక్ర, త్రిచక్ర వాహనములకు ఎనుబది శాతము, కార్లకు అరువది శాతము మాఫీ చేసి, గడువును పొడిగించుచు పోయినది. ఖజానాకు సొమ్ము కూడినమాట నిజము. కాని ప్రజలు నేర్చుకొన్న పాఠమేమి? చలానా పడిన వెంటనే చెల్లించినవాడు అమాయకుడు, దాచియుంచినవాడు వివేకి. ఆషాఢమాసపు బట్టలకొట్టువలె దండనమునకును తగ్గింపు ఋతువు వచ్చునని ఎదురుచూచు జనసమూహము ముందర జరిమానాను వెయ్యి నుండి పదివేలు చేసినను, వారి మనసులోని లెక్క, అందు ఎనుబది శాతము పోగా ఎంత, అని మొదలగును. నా దృష్టిలో దండనమును పెంచవలయునా వద్దా అను వాదమును ఈ రాయితీలు అర్థరహితము చేసినవి. పెంచుటకు ముందు అవి శాశ్వతముగా ఆగవలయును.

జరిమానాను జనులు దండనముగాక వెలగా భావించు ప్రమాదమును హైఫా నగరమున జరిగిన ఒక ప్రయోగము చూపినది. శిశుపాలనకేంద్రములనుండి బిడ్డలను ఆలస్యముగా తీసికొనిపోవు తలిదండ్రులపై చిన్న జరిమానా విధింపగా ఆలస్యము తగ్గుటకు బదులు పెరిగినదని, జరిమానా తీసివేసిన తరువాతను పూర్వస్థితి రాలేదని, 2000 సంవత్సరమున గ్నీజీ, రుస్టికిని అను ఆర్థికశాస్త్రజ్ఞులు ప్రకటించిరి. సిగ్గు ఉన్నచోట రొక్కము వచ్చినచో సిగ్గు పోవును. వాడవీథిలో, అందఱును అందఱికి తెలిసినచోట, సిగ్గునకు గల శక్తిని మనము తక్కువగా అంచనా వేయుచున్నామేమో.

మఱియొక చిక్కు ధనిక దరిద్ర భేదము. వెయ్యి రూపాయలు ఇంటింటికి సామాను అందించు యువకునకు ఒక దినపు కష్టము, ఒక్కొక్కపుడు అంతకు మించినది. అదే వెయ్యి, ముప్పది లక్షల కారులో పోవువానికి ఒక పూట ఫలాహారము. ఫిన్లాండు ఈ చిక్కును 1921లోనే విప్పినది. అచ్చట పరిమితికి 20 కిలోమీటర్లకు మించినవానికి జరిమానా వాని దినాదాయమును బట్టి లెక్కింపబడును. 2002లో నోకియా సంస్థ ఉన్నతోద్యోగి యొకడు హెల్సింకిలో 50 పరిమితి గల చోట 75 వేగమున మోటారుసైకిలు తోలినందుకు 1,16,000 యూరోల జరిమానా పడెను; అప్పీలులో అది చాల తగ్గినది. 2023లో ఆలండ్ ద్వీపములందు 50 చోట 82 పోయిన ఒక ధనికుడు 1,21,000 యూరోలు చెల్లించెను. ఈ వార్తలు చదివి మనవారు సంబరపడుదురు. కాని ఆదాయపు పన్ను పత్రములు దాఖలు చేయువారు కొలదిమందియే యైన దేశమున ఈ పద్ధతిని నాటుట దుస్సాధ్యము. జీతగాండ్రకు మాత్రమే దినాదాయముండును, వ్యాపారస్థులకు నష్టమే యుండును.

ధనముకంటె సమానముగా అందఱికిని తగులునది లైసెన్సు, వాహనము. స్విట్జర్లాండు 2013 నుండి 30 పరిమితి గల వీథిలో 40 కిలోమీటర్లు మించి పోయినవానిని సామాన్యాపరాధిగా గాక ప్రాణాంతకమైన సాహసికునిగా ఎంచి కారాగారమును, రెండేండ్ల లైసెన్సు రద్దును విధించినది. 2023లో న్యాయాధిపతులకు కొంత విచక్షణ నిచ్చి ఆ కాఠిన్యము సడలించినది. కెనడాలోని ఒంటారియో 2021లో, 80 లోపు పరిమితి గల దారులలో 40 మించినవాని లైసెన్సును అచ్చటికచ్చటనే ముప్పది దినములును, వాహనమును పదునాలుగు దినములును పట్టివేయు అధికారము పోలీసులకిచ్చినది. పదునాలుగు దినములు ఆటో యెక్కి తిరుగుట లక్షాధికారికిని కష్టమే, కార్మికునికిని కష్టమే. తరువాతివానికి బండియే బ్రదుకుదెరువు కాబట్టి ఆ తూకమందును కొంత వంకర లేకపోలేదు. తెలంగాణలో 2017 ఆగస్టున పాయింట్ల పద్ధతి ఆరంభమైనది. రెండేండ్లలో పండ్రెండు పాయింట్లు పడినచో ఏడాది లైసెన్సు రద్దు. మంచి పద్ధతి. నేడు దాని పేరు వినబడుట అరుదు.

సామాను అందించు యువకుని మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పక తప్పదు. పది నిమిషములలో ఇంటికి, అని ప్రకటనలు చేయు సంస్థలను ఈ మధ్య చూచితిమి. 183వ సెక్షను నాలుగవ ఉపవిభాగమున, వేగపరిమితిని మీరక ముగింపరాని ప్రయాణమునకు కాలనియమము ప్రకటించినవాడు, లేక ఇంత కాలములో పోవలయునని ఆదేశించినవాడు, ఆ నేరము చేసినాడనుటకు ఆ ప్రకటనయే ప్రాథమిక సాక్ష్యమగునని యున్నది. బహుశః బస్సు యజమానుల టైంటేబులును మనసునందుంచుకొని వ్రాసిన వాక్యమది. ఇన్నేండ్లు అటకమీద పడియున్న ఆ ఆయుధమును దింపి తుడిచినచో, వీథిలో పోవు యువకుని ఒంటరిగా పట్టుకొనుటకంటె న్యాయమైన పని జరుగును.

బాలుర సంగతి మఱియొకటి. వాడవీథులలో వేగముగా పోవువారిలో లైసెన్సు వయసు రాని పిల్లలు పలువురు కానవచ్చుచున్నారు. ట్యూషనుకు పోవుటకని తండ్రియే స్కూటరు తాళము ఇచ్చును, పెద్దదారి ఎక్కకుము, కాలనీలోనే తిరుగుము, అని హితబోధ చేయును. ఆ హితబోధయందే అపాయమున్నది. 2019 సవరణ 199-ఏ సెక్షనున, బాలుడు చేసిన వాహననేరమునకు తండ్రియో యజమానియో బాధ్యుడని ఎంచి మూడేండ్ల వఱకు కారాగారమును, 25,000 రూపాయల జరిమానాను, ఏడాది రిజిస్ట్రేషను రద్దును విధించినది. పగ్గములిచ్చిన రథస్వామియే దండ్యుడను ఆ ప్రాచీనన్యాయము ఇట్లు తిరిగి వచ్చినది. దండనమును పెంచిన సందర్భములన్నిటిలో నాకు సర్వథా సమంజసముగా తోచినది ఇదియే. ఏలయన ఇందు దండింపబడువాడు ముందే ఆలోచించుకొను అవకాశము గలవాడు, తాళమిచ్చు క్షణమున శాంతముగా ఇంటిలో కూర్చున్నవాడు.

గణాంకముల గూర్చి ఒక హెచ్చరిక. కేంద్ర రవాణాశాఖ 2022 నివేదిక ప్రకారము దేశమున 4,61,312 ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి; అందు పాదచారులు 32,825 మంది; మరణములలో డెబ్బది శాతమునకు పైగా అతివేగము వలననేనని యున్నది. పాదచారుల అంకె గుండెను కలచునది. అతివేగపు శాతమును మాత్రము జాగ్రత్తగా తీసికొనవలయును. ప్రమాదస్థలమునకు తరువాత వచ్చిన పోలీసు అధికారి బండి వేగము కొలిచియుండడు. పత్రమున కారణమను గడిని నింపుటకు అతివేగము సులభమైన మాట. ఆ మాట వ్రాసినచో మలుపు తప్పు, దీపము లేమి, గుంట, అన్నియు కప్పిపోవును. దారి వేసినవాడు దోషవిముక్తుడగును. అతివేగము చంపుననుటలో సందేహము లేదు. దానియొక్కదానినే దోషిగా నిలుపుట కొందఱికి అనుకూలము కూడనని మఱవరాదు.

దారి నిర్మాణముమాట ఎత్తక దండనమును విచారించుట అసంపూర్ణము. ముప్పది అడుగుల నున్నని సిమెంటుదారి వేసి, తిన్నగా అర కిలోమీటరు సాగనిచ్చి, చివర ఒక బోర్డు మీద 30 అని వ్రాసినచో, దారి ఒకటి చెప్పును, బోర్డు మఱొకటి చెప్పును. బండి దారిమాటనే వినును. 1992లోనే ఆస్ట్రియాలోని గ్రాత్స్ నగరము ముఖ్యదారులు తప్ప తక్కిన వీథులన్నిట 30 పరిమితి పెట్టినది. వేల్సు 2023 సెప్టెంబరు 17 నుండి జనావాసములందు 20 మైళ్ళను సామాన్యపరిమితి చేయగా నాలుగు లక్షలకు మించిన సంతకములతో జనులు ఆ చిన్న దేశమున నిరసించిరి. దెబ్బలు తినువారి సంఖ్య మాత్రము తగ్గినది. మనవారు నిరసనకును శాసనకర్తలకును ఎదురుచూడక తమ ఉపాయము తాము చేసికొనిరి. రాత్రికి రాత్రి నాలుగు తట్టల కాంక్రీటు పోసి స్పీడ్ బ్రేకరు లేపుదురు. భారత రహదారుల సమాఖ్య తన ప్రమాణపత్రమున, సామాన్యవాహనములు 25 కిలోమీటర్ల వేగమున దాటుటకు, 3.7 మీటర్ల వెడల్పును 10 సెంటీమీటర్ల ఎత్తును గల గుండ్రని గట్టు చాలునని నిర్ణయించినది. మన కాలనీ గట్టు వెడల్పు ఒక అడుగు, ఎత్తు మాత్రము అర అడుగు. రంగు లేదు, ముందు హెచ్చరిక లేదు, దానిపై వీథిదీపము లేదు. అది వేగమును తగ్గించుటకంటె గర్భిణుల నడుములను, రాత్రి వచ్చు స్కూటరువానిని బాధించుటకు ఎక్కువగా ఉపకరించుచున్నది. ఇది కూడ యొక విధమైన దండనమే, మితముగా పోవువానికిని మితిమీరి పోవువానికిని తేడా లేక విధింపబడునది.

కావున దండనమును పెంచుట తగదని నేననను. తగినవిధముగ పెంచుటకు చట్టమున మొదట చోటు కావలయునందును. 183వ సెక్షనును సవరించి, పరిమితిని ఎంత మీరిరో, ఎచ్చట మీరిరో, ఆ రెంటిని బట్టి మెట్లు కట్టవలయును. వాడవీథిలోను బడిముంగిటను జరిగినదానికి ఒక మెట్టు ఎక్కువ. అది రెట్టింపునకు మించనక్కఱలేదు. మూడవసారి పట్టుబడినవానికి రొక్కము చాలించి లైసెన్సు, బండి తీసికొనవలయును. కెమెరాలను ఫ్లైఓవరునుండి దింపి, వారమునకొక వీథి చొప్పున కాలనీలలో త్రిప్పవలయును. ఏ వారము ఏ వీథియో ఎవరికిని తెలియనక్కఱలేదు. వచ్చిన సొమ్ము ఆ వార్డునందే కాలిబాటకును, సరియైన కొలతగల గట్టులకును ఖర్చు కావలయును. అప్పుడుగాని ఇది ఖజానా నింపుకొను ఉపాయమను అపవాదు తొలగదు. ఇందు చాలభాగమునకు పార్లమెంటు కదలవలయును, అది రేపు జరుగునది కాదు. ఈలోపల కాలనీ సంఘము చేయగలిగినదొకటి కలదు. పదింతల తీర్మానమును ప్రక్కనుంచి, తమ ముఖద్వారమున 30 అంకెగల ఫలకమును నాటింపుమని పురపాలకసంఘమునకును ట్రాఫికు పోలీసులకును వ్రాతమూలకముగా అడుగవచ్చును. ఎప్పుడైన ఆ వీథిలో చలానా పడినవాడు న్యాయస్థానమునకు ఎక్కినచో, అతని వకీలు అడుగబోవు మొదటి ప్రశ్న ఆ ఫలకము ఎచ్చటనున్నదనియే.